గంప ఎత్తాక

నా మీద ఒట్టు, ఇందులో వీసమెత్తు అబద్ధం లేదు. కొక్కెర తెగులొచ్చి ఏడూళ్ల కోళ్లు ఒక్క పూటలో రాలిపోతే, తల్లికోడి తన పిల్ల చుక్కిని గంప కింద దాచింది. నూరు అమావాస్యలు అక్కడే. రెక్కలూ అక్కడే వచ్చాయి.

తెగులు పోయాక తల్లి గంప ఎత్తింది. చుక్కి మాత్రం గంప అంచు నేలమీద గీసిన గీత దాటలేదు.

"ఏమే, అతుక్కుపోయావా? పెంట నిండా పురుగులే, రా!" అని పుంజుపిల్ల వెక్కిరించింది.

"అక్కడ ఆనుకోవడానికి ఏముందిరా?" అంది చుక్కి.

తల్లి ఏడ్చిన ఏడుపుకి దొడ్డంతా మడుగైంది. "తెగులు పోయిందే తల్లీ!"

"తెలుసమ్మా. కాళ్లకే తెలియడం లేదు."

మూడు రోజులుగా గింజ ముట్టలేదది. వింటూ కూర్చోక, లేచి గుప్పెడు నూకలు పట్రా. గీత అవతల చల్లి చూశాం, లాభం లేదు. లోపలే వెయ్యి.