చాలా దూరం నుంచి

హోటల్ గేటు దగ్గర నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చక్రాల పెట్టె పక్కన నిలబడ్డ పెద్దావిణ్ణి చూడగానే గులేద్‌కి అర్థమైపోయింది. ఇవాళ్టి టూరిస్టు ఈవిడే.

మొగదిషు చూపించడం గులేద్ ఉద్యోగం. ముందు కారు, వెనకాల పికప్‌లో తుపాకులతో కాపలావాళ్ళు, జేబులో అనుమతి కాగితం. యుద్ధం రోజుల్లో దేశాలు పట్టిపోయిన సొంత మనుషులు పుట్టిన ఊరు చూసుకుందామని వస్తుంటారు. ఎవరు ఎక్కణ్ణుంచి దిగారో గులేద్ ఇట్టే పట్టేస్తాడు. లండన్ వాళ్ళు టీ బాగాలేదంటారు. కెనడా వాళ్ళు ఎండ బాగాలేదంటారు. ఏమీ అనకపోతే స్వీడన్.

“ప్రయాణం బాగా జరిగిందా అత్తా?”

“ఏం బాగులే నాయనా. ఒళ్ళు హూనమైపోయింది.”

“ఎక్కణ్ణుంచి రాక?”

“చాలా దూరం నుంచి.”

అంతకు మించి మాట పెగల్లేదు. స్వీడనే, అనుకున్నాడు గులేద్.

ఆవిడ పేరు బతూలో. తూటా దూరని కోటు తొడిగితే చిరాకుపడింది. “చేపల బుట్ట నెత్తినెట్టినట్టుంది. తీసెయ్యనా?”

“తీశారంటే మా పొట్టి ఊరుకోడు.”

పొట్టి అంటే కాపలావాళ్ళ నాయకుడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. ఈ ఊళ్ళో ముద్దుపేర్లు అలాగే పెడతారు.

కారు కదిలింది. దాంతోపాటు గులేద్ నోరూ కదిలింది. పాత చర్చి గోడలు, లైట్‌హౌసు, చేపల బజారు అంటూ మొదలుపెట్టాడో లేదో ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“అవెక్కడికీ పోవు గానీ, ముందు మా అక్క దగ్గరికి పోనీ. రేవు పక్క పాతపేటలో ఉంటుంది. మంచం పట్టిందట. చూసి తొమ్మిదేళ్ళయింది. ఇవాళ చూడకపోతే ఇక చూస్తానో లేదో.”

ఆ మాటకి గులేద్‌కి జాలేసింది. తోబుట్టువు మంచం పట్టినా చూసుకోలేనప్పుడు పరాయి దేశంలో ఎంత సంపాదిస్తే ఏం లాభం!

ఆవిణ్ణి కాస్త నవ్విద్దామని, “మీ యాస మాత్రం రవ్వంత కూడా చెడలేదత్తా! అచ్చం మా పాతపేట ముసలమ్మల్లాగే మాట్లాడుతున్నారు,” అన్నాడు.

“చెడనిస్తానా!”

“మీ అక్కగారింట్లో అన్నంలోకి అరటిపండు పెడతారు. చెంచా మాత్రం అడక్కండేం. నవ్విపోతారు.”

“మంచిమాట చెప్పావు. గుర్తుపెట్టుకుంటా.”

రేవు దారికి అడ్డంగా సిమెంటు దిమ్మెలు కనిపించాయి. దగ్గరకొస్తుంటే ఆవిడ ముసుగు ముక్కు దాకా లాక్కుంది. దుమ్ము అంది. పాపం అలవాటు తప్పింది, అనుకున్నాడు గులేద్.

సైనికుడు చెయ్యెత్తి ఆపాడు. “ఇవాళ దారి లేదు. రేవులో పెద్దవాళ్ళ మీటింగు. పొద్దున్న కాల్పుల చప్పుడు కూడా వినబడింది.”

పొట్టి పికప్ దిగి వచ్చాడు. “తిప్పెయ్ గులేద్. అనుమానం వస్తే వెనక్కెళ్ళిపోవడమేగా మన రూలు.”

రూలు రూలే. గులేద్ రివర్సు గేరు వేశాడు. వెనక సీట్లోంచి వచ్చిన చెయ్యి అతని భుజం పట్టుకుంది.

“నీకు పుణ్యముంటుంది నాయనా. ఇంకోసారి రావడం నా వల్ల కాదు.”

గులేద్ బ్రేకు వేశాడు. తర్వాత కారు దిగి నేరుగా సైనికుడి మీదికి వెళ్ళాడు.

“ఏమయ్యా, సముద్రాలు దాటి ఓ ఆడకూతురు తోబుట్టువుని చూసుకుందామని వస్తే గుమ్మంలోంచే పొమ్మంటావా? మొగదిషులో అతిథికి మర్యాద లేదని ఆవిడ అక్కడ నలుగురికీ చెప్పుకోవాలా?”

అతిథి మాటెత్తితే ఈ ఊళ్ళో ఎంతటివాడైనా మెత్తబడాల్సిందే. సైనికుడు బుర్ర గోక్కున్నాడు.

“ఈ దిమ్మెలు పెట్టిన తొమ్మిదేళ్ళ నుంచీ ఊళ్ళోవాళ్ళకి అసలీ దారే లేదన్నా, రోజూ తరుముతూనే ఉన్నా. సరే, మీది టూరిస్టు బండి కాబట్టి వదుల్తున్నా. మధ్యాహ్నం నమాజు లోపల తిరిగొచ్చెయ్యాలి.” కిటికీలోకి వంగి, “మన ఊరికి రండత్తా, రండి!” అన్నాడు.

ఆవిడ ముసుగు ఇంకాస్త లాక్కుంది. దొరసానిలా చెయ్యి ఊపింది.

పాతపేట మేడగదిలో అక్క జహరో కళ్ళు సరిగా ఆనక, చెల్లెలి మొహమంతా చేత్తో తడిమింది.

“తొమ్మిదేళ్ళే బతూలో! ఇప్పటికి గుర్తొచ్చానా?”

“నిన్ను తలుచుకోని రోజుందా అక్కా!”

ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఆ తర్వాత చిన్నపిల్లల్లాగే నవ్వారు. పెట్టె తెరిచారు. హల్వా, సాంబ్రాణి, గానుగలో ఆడించిన నువ్వులనూనె. స్వీడన్‌లో గానుగలు కూడా ఉన్నాయా అని గులేద్ ఆశ్చర్యపోయాడు. బతూలో అన్నంలో అరటిపండు పిసికి అక్కకి ముద్దలు పెట్టింది. చెంచా ఊసే ఎత్తలేదు. గుమ్మం దగ్గర పొట్టి మొహం అటు తిప్పుకుని ముక్కు ఎగబీల్చాడు.

నమాజు పిలుపు వినబడేసరికి బలవంతాన లేవాల్సొచ్చింది. పెట్టె అక్క దగ్గరే వదిలేసింది బతూలో.

సిమెంటు దిమ్మెలు దాటగానే గులేద్ ఊపిరి పీల్చుకున్నాడు. అద్దంలోంచి ఆవిణ్ణి చూశాడు. నల్లకళ్ళద్దాలు తీసేసి కళ్ళు తుడుచుకుంటోంది. మొహం మాత్రం పెళ్ళిలో తిరిగే మనిషిలా వెలిగిపోతోంది. తన ఉద్యోగం మీద గులేద్‌కి ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది.

“హోటల్‌కేగా అత్తా? తిరుగు విమానం ఎప్పుడు?”

“విమానం నాకెందుకు నాయనా,” అంటూ బతూలో ఆ దిమ్మెలకి ఇవతల పక్కనే ఉన్న ఓ పచ్చ తలుపు వైపు చెయ్యి చూపించింది, “అదే మా ఇల్లు, అక్కడ దింపెయ్.”