పదో నిండుకుంచం

“తొమ్మిదిమందే ఉన్నామే!” అన్నాడు ధనరాజు, ఫోను ముక్కుకి ఆనించుకుని.

గజపతినగరం బజార్లో బట్టల కొట్టు ఆయనది. బేరాల్లేని మధ్యాహ్నం. ఆయన భార్య ఈశ్వరి తానుల్లో మిగిలిన మెత్తటి నూలుముక్కలు ఏరి సంచిలో కుక్కుకుంటోంది. మోకాళ్ళకి కాపడం పెట్టుకోడానికట. మూడు నెలలుగా ప్రతి గురువారం రైలెక్కి విజయనగరం వెళ్ళి మందు కూడా తెచ్చుకుంటోంది.

“ఏటి తొమ్మిది?” అంది.

“నిండుకుంచం వాళ్ళం. ప్రపంచం మొత్తమ్మీద!”

అదొక ఇంటిపేర్ల వెబ్‌సైటు. ఎవరికి వారు పేరూ ఊరూ రాసుకుంటే ప్రపంచ పటం మీద ఎర్రచుక్క వెలుగుతుంది. రంగూన్‌లో నలుగురు, మారిషస్‌లో ఇద్దరు, ఎచ్చెర్లలో ఆయన పెదనాన్న కొడుకు గంగరాజు, గజపతినగరంలో వీళ్ళిద్దరూ. ధనరాజుగారి ముత్తాతకి తాత ధాన్యం కొలిచేటప్పుడు కుంచం మీద గోపురం లేచేదాకా పోసేవాడట. అలా నిండుకుంచం వారయ్యారట. ఈ కథ వినకుండా ఆ కొట్లో ఎవరూ జేబురుమాలు కూడా కొనలేదు.

“మీ తాతలు గోపురాలు లేపినారు గానీ, తమరు జాకెట్టు గుడ్డ బెత్తెడు తక్కువే కోస్తారు,” అంది ఈశ్వరి. “అది సరే, మన అనూరాధని లెక్కెయ్యలేదేటి?”

ధనరాజు మొహం చిన్నబోయింది. ఒక్కగానొక్క కూతురు. రెండేళ్ళ కిందట రైల్వేలో పనిచేసే అబ్బాయినెవరినో ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. “ఇయ్యాల్టినుంచి నీకూ నా ఇంటిపేరుకీ సమ్మంధం లేదు” అనేశాడు. అల్లుడి మొహమైనా చూడలేదు. ఆ మాట అన్నందుకు తరవాత లోలోపల చాలాసార్లు ఏడ్చాడు గానీ, వెనక్కి తీసుకోవడం మాత్రం చేతకాలేదు.

“పెళ్ళైన పిల్లకి మన ఇంటిపేరేటి?” అన్నాడు. “గంగరాజు సూస్తే పెళ్ళే చేసుకోలేదు. మనతో సరి. ఈ దేశంలో నిండుకుంచం అన్న మాటే ఇనపడదు.”

చివరి మాట అంటూ ఫోను బల్లమీద బోర్లించేశాడు. ఈశ్వరి ఇంక ఆటపట్టించలేదు.

నెల తిరక్కుండా ఒక పొద్దున్న ధనరాజు కొట్లో గంతేసినంత పని చేశాడు. పటం మీద పదో చుక్క! ఊరు కొత్తవలస. పేరు నిండుకుంచం చినబాబు.

అప్పటికప్పుడు సందేశం పెట్టాడు. “అయ్యా, తమరి వయసెంత?”

సాయంత్రానికి జవాబొచ్చింది. “వయసు నాకు తెలీదు. ఇంట్లోవాళ్ళే లెక్కపెడుతుంటారు. ఇది కూడా ఒకరు రాసిపెడుతున్నారు.”

“ఇంట్లోవాళ్ళట! అంటే కొడుకులూ మనవలూ ఉన్నారే ఈశ్వరీ! మన పేరు నిలబడతాది!” ధనరాజు మళ్ళీ రాశాడు. “ఒక్కసారి మా ఊరు రాగలరా?”

“నడవలేను. మనిషి పట్టుకుంటే గానీ కూర్చోలేను. పళ్ళు లేవు, పాలే ఆధారం.”

“తొంభై దాటేసుంటాయి,” అని తేల్చేశాడు ధనరాజు. వంశానికే పెద్ద దొరికాడు. “మన ఇంటిపేరు ఎలా వచ్చిందో తమరే చెప్పాలి” అని రాశాడు.

“ఆ కథ మీ నోటంట వినాలని ఉంది. తొందరగా రండి.”

“సూసినావా ఆ వినయం! పెద్దోళ్ళంటే అలగుండాలి.”

ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందట.

గురువారం ప్రయాణం. కొట్లో ఉన్నవాటిల్లోకెల్లా మంచి జరీ శాలువా తీశాడు ధనరాజు.

“అంత పెద్దదెందుకు? బరువైపోతాది ఆయనకి,” అంది ఈశ్వరి.

“అంత పెద్దమనిషికి తువ్వాలు కప్పమంటావేటి?”

“పోనీ, నాలుగు మడతలేసి కప్పండి. నానూ వస్తన్నాను.”

కొత్తవలసలో ఆయనకన్నా ముందే రైలు దిగింది ఈశ్వరి. స్టేషను దాటి, రైల్వే క్వార్టర్ల మధ్య గబగబా నడిచిపోతోంది. చిరునామా రాసుకున్న కాగితం ధనరాజు జేబులోనే ఉండిపోయింది.

“నీ మోకాళ్ళ మందు బాగానే పనిచేస్తన్నాదే!” అంటూ రొప్పుకుంటూ వెంటపడ్డాడు.

చివరి క్వార్టరు తలుపు తీసిన కుర్రాడు, ఆయన్ని చూసి కంగారుగా చేతులు జోడించాడు. “రండి మావయ్యా.”

పెద్దాయన మనవడు కాబోలనుకున్నాడు ధనరాజు. “మావయ్యేటి బాబూ? ఒకే ఇంటిపేరోళ్ళం. బాబాయి అనాల,” అని వరస దిద్దాడు.

కుర్రాడు ఈశ్వరికేసి చూశాడు. ఈశ్వరి ఇంటికప్పుకేసి చూసింది.

“పెద్దాయన లేచే ఉన్నారా?”

“ఇప్పుడే పాలు తాగి పడుకున్నారు. పర్లేదు, లోపలికి రండి.”

వంటింటి తలుపు చాటున ఎవరిదో గాజుల చప్పుడు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించాయి. ధనరాజు పట్టించుకోలేదు. చెప్పులు విడిచి, శాలువా భుజాన వేసుకుని, భక్తిగా లోగదిలోకి నడిచాడు.

గది నిండా సాంబ్రాణి వాసన. కిటికీకి పరదా వేసి ఉంది. ఎండలోంచి వచ్చిన కళ్ళకి మంచం మీద పరిచిన తెల్లటి నూలుగుడ్డ తప్ప ఏమీ ఆనలేదు. ఆ గుడ్డని ఎక్కడో చూసినట్టే ఉంది.

“నాయనా, నిండుకుంచం ధనరాజుని. మన పేరు నాతో పోతాదని బెంగెట్టుకున్నాను. తమరు కనపడ్డారు, నాకదే చాలు. దీవించండి,” అన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. వంగి, పెద్దాయన పాదాల కోసం చేత్తో తడిమాడు.

ఆ రెండు పాదాలూ కలిసి ఆయన ఒక్క అరచేతిలో ఇమిడిపోయాయి.