మేడమీద పాఠాలు

“బాబూ, కింద ఎవరైనా ఉన్నారా? ఇది అతుక్కుపోయింది!”

కేక విని కింద వాటాలో వెల్డరు మంచం దిగాడు. ఆ వారంలో అతన్ని పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

మేడమీద ముసలావిడ అద్దెకు దిగి నెల కాలేదు. మెట్లెక్కి చూస్తే వరండాలో చవకరకం వెల్డింగు మిషను, ఇనప ముక్కకు అంటుకుపోయి ఎర్రబడుతున్న రాడ్డు. అతను గబుక్కున మిషను ఆపాడు.

“ఈ వయసులో ఇదేం సరదా పిన్నిగారూ?”

“పూలకుండీలకు స్టాండు చేసుకుందామని. నువ్వు వెల్డరువటగా, ఇంటివాళ్లు చెప్పారు. కాస్త నేర్పకూడదూ?”

“ఆ పని మానేశానండీ.”

భార్య పోయి ఏడాది. ఆ కబురు అందినప్పుడు అతను పనిలో ఉన్నాడు. అప్పట్నుంచి రాడ్డు బిగించే హోల్డరు పట్టుకుంటే చాలు, చెయ్యి వణుకుతుంది. తలుపులు మూసుకుని, ఎప్పుడో ఒకప్పుడు ఇంత ఉడకేసుకుని తిని పడుకుంటున్నాడు.

అయినా మర్నాడు మెట్లెక్కాడు. పలకరించే దిక్కులేకే ఆవిడ ఆ మిషను కొనుక్కుందని జాలిపడ్డాడు.

“అగ్గిపుల్ల గీసినట్టు గీయాలి. పొడిచి నొక్కకూడదు.”

ఆవిడ పొడిచింది. రాడ్డు అతుక్కుంది.

“చెబితే నా బుర్రకెక్కదు నాయనా. చేసి చూపించు.”

“నా చెయ్యి వణుకుతుందండీ.”

“నాదీ వణుకుతోందిగా. ఎవరు చూడొచ్చారు?”

గీశాడు. అతుకు వంకర టింకరగా వచ్చింది. “నాదానికంటే నయమే!” అని ఆవిడ నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

అలా రోజూ సాగింది. నిప్పురవ్వ చేతిమీద పడినా ఆవిడ ఉలికిపడేది కాదు. పెద్దతనం, స్పర్శ తగ్గిందేమో అనుకునేవాడు. విద్య మాత్రం ఆవిడకు ఒంటబట్టలేదు. ఆవిడ వేసిన అతుకులన్నీ చీమలపుట్టలే. వాటిని అరగదీసి, మళ్లీ వేసి చూపించడం అతని వంతు. మూడో నెలకు ఆవిడ పిలవకముందే, గడ్డం గీసుకుని మరీ మేడెక్కుతున్నాడు. భార్య గురించి మొదటిసారి మాట్లాడింది అక్కడే. ఆవిడ ఓదార్చలేదు, టీ చల్లారిపోయేదాకా విన్నది.

స్టాండు పూర్తయిన రోజు ఆవిడ పేపరు ముక్క చేతిలో పెట్టింది.

“ఓడల కార్ఖానాలో వెల్డర్లు కావాలట. వెళ్లు.”

“నేను వెళితే మీకెవరు నేర్పుతారు?”

“నాకు వచ్చింది చాల్లే.”

ఆవిణ్ణి ఒంటరిగా వదిలి పోతున్నానన్న దిగులుతోనే వెళ్లాడు.

కార్ఖానాలో మేస్త్రీ పరీక్ష పెట్టాడు. అతుకు మీది పెచ్చు రాలగొట్టి, వేలితో తడిమి, తలెత్తాడు.

“ఏడాది పని మానేశానన్నావు. చెయ్యి ఇంత నిలకడగా ఎలా ఉంది?”

“మా మేడమీద పిన్నిగారికి నేర్పుతున్నానండీ. పాపం, ఎంత చెప్పినా ఆవిడకు రాదు. ఆవిడకోసం చేసి చేసి నాకు కుదిరింది.”

“ఇల్లెక్కడ?”

వీధి పేరు, ఇంటి గుర్తులు చెప్పాడు. మేస్త్రీ చేతిలోని సుత్తి కింద పెట్టేశాడు.

“పొట్టిగా, తెల్లజుట్టుతో, ఒక్కరే ఉంటారు కదూ?”

“అవునండీ. మీకు తెలుసా?”

“మాకందరికీ వెల్డింగు నేర్పింది ఆవిడే.”