నాలుగు గీతలు

"ఇప్పుడు ఎక్స్ విలువ ఎంతంటే..." అని టీచరమ్మ అంటూండగానే లాప్‌టాప్‌లో పిల్లల మొహాలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి.

తెర మధ్యలో చక్రం గిర్రున తిరగడం మొదలెట్టింది.

"పోయింది! మళ్లీ పోయింది!"

వంటింట్లోంచి మొగుడు తడి చేతులతో పరిగెత్తుకొచ్చాడు.

"ఆ పెట్టె ఆపి ఆన్ చెయ్యండి. గుడ్లప్పగించి చూస్తారేం?"

అలమర పైనున్న వైఫై పెట్టె దగ్గరికి కుర్చీ ఎక్కాడాయన. దాన్ని ముట్టుకునే పని ఎప్పుడూ ఆయనదే.

ఈలోగా ఆవిడ లాప్‌టాప్ ఆపి, మళ్లీ పెట్టింది. వైఫై పేరు చెరిపేసి, పాస్‌వర్డ్ కొట్టి కొత్తగా కలిపింది.

ఒక గీత వచ్చింది. రెండో గీత వచ్చింది. అంతే, మూడోది మొండికేసింది.

ఇంకోసారి క్లాసు మధ్యలో మాయమైతే ఉద్యోగమే మాయమవుతుందని హెడ్ మేడమ్ మొన్ననే చెప్పింది.

లాప్‌టాప్ చంటిపిల్లలా ఎత్తుకుని గీతల కోసం ఇల్లంతా తిరిగింది. కిటికీ దగ్గర రెండు. గుమ్మంలో రెండు.

మెట్లెక్కితే మూడు.

పై వాటా తలుపు ముందు నాలుగు!

"ఓహో, ఇదా సంగతి!"

పై వాటాలో ఒంటరిగా ఒకాయన ఉంటాడు. యాభై దాటినవాడు. మాట నత్తి. అందుకే ఎవరితోనూ కలవడు. ఇంట్లో ఏం పోయినా, ఏం పగిలినా "అంతా పైవాడి దయ" అని ఆయన మీద నవ్వుకోవడం టీచరమ్మకి అలవాటు.

ఈసారి నవ్వలేదు. తలుపు దబదబా బాదింది.

"ఏమయ్యా! నా నెట్టు నా ఇంట్లో రెండు గీతలు, నీ గుమ్మంలో నాలుగు. ఎలా వచ్చాయి?"

"అ... అది... నా... నా..."

"నానా ఏంటి? నాటకాలా?"

పక్క వాటాల వాళ్లు తలుపులు తీసుకుని బయటికొచ్చారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మా... నె... నెట్టు మీ... మీ..."

"మీదే అని ఆ నోటితోనే వచ్చేసింది! అందరూ విన్నారుగా?"

ఆయన ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూశాడు. మెట్ల మీద మొగుడు నిలబడి ఉన్నాడు, కమ్మీ పెయింటు గోటితో గీకుతూ.

పై వాటా ఆయన నోరు మూసుకున్నాడు.

"దొంగకి మాటలెక్కడివి!" అంది టీచరమ్మ.

సాయంత్రం ఇంటి ఓనరు దగ్గర పంచాయితీ.

"ఆయనో మేమో తేల్చండి."

తేల్చడానికి ఓనరుకి అట్టే సేపు పట్టలేదు. ఇటు సంసారం, అటు తన పక్షాన తానే నాలుగు మాటలు చెప్పుకోలేని మనిషి.

"నెలాఖరుకి ఖాళీ చేసెయ్" అన్నాడు.

ఆ నెలంతా టీచరమ్మ నోటికి పండగే. ఆయన మెట్లు దిగుతుంటే చాలు, వీధికి వినపడేలా, "దొ... దొ... దొంగగారు షికారెళ్తున్నారు!" అనేది. పిల్లలు నేర్చుకున్నారు. ఆయన వెనకాలే "దొ... దొ..." అంటూ మలుపుదాకా వెళ్లేవారు.

"పోనీలేవే, పాపం" అన్నాడు మొగుడు ఒకరోజు.

"పాపమా? వెళ్లి ఆయనతోనే కాపురం పెట్టండి!"



ఖాళీ చేసే రోజు వ్యాన్ వచ్చింది. ఒక చాప, ఒక కుర్చీ, రెండు అట్టపెట్టెలు. అదీ ఆయన ఆస్తి. మొగుడు కుర్చీకి ఒక చెయ్యి వెయ్యబోతే టీచరమ్మ లోపలికి రమ్మని కేకేసింది.

పై వాటా ఆయన వాళ్ల గుమ్మం ముందు ఆగాడు.

"వె... వె... వెళ్లొ..."

మాట పూర్తయ్యేలోపే తలుపు మూసేసింది.

"పీడ విరగడైంది. మధ్యాహ్నం క్లాసులో చూడండి, నా నెట్టు గుర్రంలా పరిగెడుతుంది!"

మధ్యాహ్నం జుట్టు సవరించుకుని, నిండుగా నవ్వుతూ లాప్‌టాప్ తెరిచింది.

నాలుగు గీతలు కాదు కదా, ఒక్క గీత లేదు. వైఫై పేరే లేదు.

ఆపింది. పెట్టింది. కిటికీ దగ్గరికి, గుమ్మంలోకి, మెట్ల మీదికి పరిగెత్తింది. తాళం వేసిన పై వాటా ముందు నిలబడింది. ఎక్కడా లేదు.

ఫోన్ మోగింది. హెడ్ మేడమ్.

"పిల్లలందరూ వచ్చి కూర్చున్నారు, మీరు తప్ప. ఇక శ్రమపడకండి. రేపటి నుంచి ఇంకొకరు చెబుతారు."

టీచరమ్మ కిందికొచ్చి కుర్చీలో కూలబడింది.

"చూస్తారేం? ఎక్కండి! ఆ పెట్టె సంగతేదో చూడండి!"

మొగుడు కుర్చీ ఎక్కలేదు. గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"అందులో ఏం లేదే. కర్టెన్ రాడ్ కోసం గోడ తొలిచినప్పుడే మన వైరు తెగిపోయింది. ఆ పెట్టెలో వైఫై నేనే ఆపేశాను."

"మరి ఇన్నాళ్లూ నాకొచ్చింది?"

"నువ్వు తిడతావని ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. తన నెట్టుకి మన పేరూ, మన పాస్‌వర్డూ పెట్టాడు. నీకు చెప్పనని నాకు మాటిచ్చాడు."

టీచరమ్మ తలెత్తి పైకప్పు వైపు చూసింది.

"నీకు బాగా అందాలని తన పెట్టె సరిగ్గా నీ టేబుల్‌కి పైన, తన గది నేల మీద పెట్టుకున్నాడే. పొద్దున వ్యాన్ వాడు ఎంత తొందరపెట్టినా, నీ పొద్దుటి క్లాసు అయిందని నేను చెప్పేదాకా దాని వైరు పీకలేదు."