చిరగని కవరు

"ఇదిగో అయ్యా, దీనికి చుట్టిన కవరు. మీరే చూడండి." లారీ డ్రైవరు ఆ మందపాటి కాగితాన్ని గోడౌన్ నేలమీద పరిచాడు. "నేను పడేస్తే ఇది చిరగదా? చొక్కా నలగకుండా ఎముక విరుగుతుందా?"

యజమాని నీరసంగా వంగి చూశాడు. వాపసొచ్చిన కాగితపు రోలు అంచున జానెడు సొట్ట ఉంది. కవరు మీద మాత్రం గీత కూడా లేదు. అంటే సొట్ట పడ్డాకే చుట్టారు. డ్రైవర్ని మాన్పిస్తే పీడా పోతుందని లెక్కేసుకుని వచ్చిన మనిషి, రోళ్లకు కవర్లు చుట్టే పనివాడి వైపు తిరిగాడు.

"నువ్వు చూడలేదూ?"

"చూశానయ్యా. రోళ్లెత్తే బండి నడిపేది మా బావమరిది. వాడికి చూపు ఆనక రోలుకు బండి తగిలించేశాడు. చెబితే పని పోతుందని, కనబడకుండా ఇంకో రెండు పొరలు చుట్టేశాను."

"మరి పోయినేడు వాపసొచ్చిన రోలో?"

"అదీ అంతేనయ్యా."

పోయినేడు ఆ రోలు పాడైందని పాత డ్రైవర్ని ఒక్క మాటా అడక్కుండా పనిలోంచి తీసేసింది యజమానే. ఇప్పుడు డ్రైవరు వైపు తిరిగాడు.

"అతనిప్పుడు ఎవరి లారీ నడుపుతున్నాడు?"

"ఎవరిస్తారండీ?" డ్రైవరు కవరు మడతపెడుతూ అన్నాడు. "సరుకు పడేసేవాడని నలుగురికీ చెప్పింది తమరే కదా."