దారి దావా

డిసెంబరు 9, మంగళవారం. పాడేరులో మంచు విడవలేదు. పొద్దున్నే నల్లకోటు ఇస్త్రీ చేసుకున్నాను.

ఆరేళ్ల దావాలో ఈ రోజు సాక్షి విచారణ. తోటలకు వెళ్లే పాత దారిని నా క్లయింటు గౌరునాయుడు మూసేశాడనీ, అతని మిరియాల తోట మధ్య నుంచి కొత్త దారి ఇప్పించాలనీ పదకొండు కుటుంబాల తరఫున సింహాద్రి వేసిన దావా అది. ఓడితే నాయుడి తోట సగం పోతుంది.

బోనులో ఉన్న సింహాద్రిని అడిగాను.

"ఈ పొద్దున కోర్టుకి ఎలా వచ్చారు?"

"నాయుడి జీపులోనండి. వాయిదాకి ఎప్పుడూ కలిసే వస్తాం."

"ఏ దారిన?"

"ఆ పాత దారమ్మటే. ఇంకేటి దారుంది బాబూ?"

జడ్జిగారు కూడా నవ్వారు. మధ్యాహ్నానికి సింహాద్రి వాళ్లే దావా వెనక్కి తీసుకున్నారు.

నేను ఉత్సాహంగా బయటికి వస్తే, నాయుడూ సింహాద్రీ ఇద్దరూ జీపు దగ్గర దిగాలుగా నిలబడి ఉన్నారు.

"నెగ్గాం కదా, ఏమైంది నాయుడుగారూ?"

"ఇంటికాడ మా ఆడోళ్లు ఈడితో మాటాడనీరు బాబూ. మేం ఊసులాడుకునేది వాయిదాలకొచ్చినప్పుడే."

"ఇంకోటేటైనా ఎయ్యండి బాబూ, బేగి," అన్నాడు సింహాద్రి, నేను అతని లాయరును కాదన్న సంగతి మరచి.

సివిలు దావాల్లో నాకు ముప్పై ఏళ్ల అనుభవం. గట్టు తగాదా అయితే చాలా కాలం నడుస్తుందని చెప్పాను.