బల్ల మీది రొట్టె

మార్చి మొదటి ఆదివారం ఉదయం పదిన్నరకు సువార్తమ్మ ప్రభువు బల్లలో పాలుపొందకుండా చర్చి బయటికి వచ్చింది.

పర్చూరు దగ్గరి ఆ ఊళ్లో, యేసు కడరాత్రి భోజనం గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఈ బల్ల నెలకోసారి ఉంటుంది. రొట్టె కొనరు. సంఘంలో ఒక స్త్రీ ముందురోజు సాయంత్రం ఇంట్లో చేస్తుంది. దానికి విడిగా ఒక పెనం ఉంటుంది. ఆ పెనం మీద ఇంకేదీ కాల్చరు.

అత్త పోయినప్పటి నుంచి ఆ పని సువార్తమ్మది.

నవంబరు చివర పత్తి చేలో జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. డిసెంబరు నుంచి రొట్టె దయామణి చేస్తోంది.

దయామణి ఆ ఊరి మనిషి కాదు. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచేది. భర్త పోయాక కూలి పనులకు ఇటు వచ్చి, చర్చి పక్క గదిలో అద్దెకు దిగింది.

జనవరి ఆఖరున సువార్తమ్మకు కట్టు విప్పారు. పిడికిలి మాత్రం బిగియడం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ నెల రొట్టె నువ్వే చెయ్యమని ఎవరైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు.

ఫిబ్రవరి బల్లరోజు రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని తప్పు వెతికింది. పచ్చి లేదు. మాడు లేదు.

దయామణి రొట్టె విరిస్తే పొడి రాలడం లేదని పక్కన కూర్చున్న ఆమె అంది.

"నేను చేసిన రోజుల్లో చీపురు పెట్టి ఊడ్చారా ఏంది?" అంది సువార్తమ్మ.

మర్నాడు, తన పెనం తనకు పంపమని కబురు చేసింది. దయామణి పెనం తోమి తనే తెచ్చింది.

"పిడికిలి పడుతోందా అక్కా?"

"పడితే నీ పని పోద్దనా?"

దయామణి పెనం అరుగు మీద పెట్టింది. సువార్తమ్మ తలుపు వేసింది.

ఆ వారంలోనే సంఘ పెద్ద వీరబాబు ఇంటికి వెళ్లింది. సభ్యత్వం లేని మనిషి, ఎక్కడ బాప్తిస్మం తీసుకుందో తెలియని మనిషి చేసిన రొట్టె బల్ల మీద ఎలా పెడతారని అడిగింది. స్త్రీల కూటంలోనూ అదే అంది. కొందరు ఔనన్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు. తర్వాతి కూటంలో రెండు వర్గాలూ రెండు చాపల మీద కూర్చున్నాయి.

మార్చి బల్లకు రెండు రోజుల ముందు దయామణి గది ఖాళీ చేసింది. మిరప పనులు ఇంకా అయిపోలేదు. ఆమె సంచి పట్టుకుని బస్సు ఎక్కడం, మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న సువార్తమ్మ చూసింది. లేవలేదు.

శనివారం సాయంత్రం సువార్తమ్మ పిండి తడిపింది. కుడిచేత్తో ముద్ద నొక్కలేకపోయింది. ఎడమచేత్తో నొక్కింది. మొదటి రొట్టె చినిగింది. రెండోది మాడింది. మూడోది తెల్లగుడ్డలో చుట్టింది.

ఆదివారం ఆ గుడ్డతో లోపలికి వెళ్లేసరికి బల్ల మీద పళ్లెం ఉంది. పళ్లెంలో రొట్టెకు బదులు కొన్న తెల్లటి పిండి బిళ్లలు. పక్కన గుంటూరు కొట్టు ప్యాకెట్.

"రొట్టె దగ్గర తగువులొద్దు అనుకున్నాం సువార్తమ్మా. ఇకనుంచి ఇవే," అన్నాడు వీరబాబు.

ఆమె అప్పుడే బయటికి వచ్చింది.

ఆరాధన ముగిశాక పాస్టర్ గారు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. గుడ్డ ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది.

"ఆమె పోతే నా పని నాకొస్తదనుకున్నా అయ్యగారూ."

బిళ్లల నిర్ణయం ఈ వారం చేసింది కాదని ఆయన చెప్పారు. ఆమె చెయ్యి విరిగిన వారమే పెద్దలు కూర్చుని తీర్మానించారు. ప్యాకెట్ కూడా అప్పుడే కొన్నారు.

"మరి ఇన్ని నెలలు ఎందుకు విప్పలేదు?"

"ఒకరు అడ్డుపడ్డారు. ఒకసారి బిళ్లలు మొదలైతే మీ పని మళ్లీ మీకు రాదన్నారు. మీ చెయ్యి బాగయ్యేదాకా మీ బదులు తను చేస్తానన్నారు. అసలే బాధలో ఉన్నారు, మీకు చెప్పొద్దన్నారు."

"ఎవరయ్యా?"

"దయామణి."